ఎడమచేతి కుట్టు

మా నడవ గచ్చు మీద చీరలు పరిచిన ఆ మధ్యాహ్నానికి నాకు పదకొండేళ్ళు. 1977 నవంబరు నెలాఖరు. దివిసీమను ఉప్పెన ముంచెత్తి అప్పటికి తొమ్మిదో పదో రోజులయింది. నడవలో ఉన్న బల్లనూ కుర్చీలనూ నాన్న గోడవారకు జరిపాడు. అమ్మ గచ్చును రెండుసార్లు తుడిచింది. నాయనమ్మ తన ట్రంకు పెట్టె తెరిచి, అడుగున ఉన్న చీరలన్నీ ఒక్కొక్కటిగా తీసి ఒడిలో పెట్టుకొంది. ఆ ట్రంకు పెట్టెను మా కళ్ళముందు ఆవిడ అడుగంటా ఖాళీ చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నవంబరు 19, శనివారం. మా ఊరికి సముద్రం చాలా దూరం. మాకు ఆ రోజంతా ఈదురుగాలి, ఆగని వాన, తలుపుల కింది నుంచి లోపలికి పాకిన నీళ్ళు. అంతే. మరునాడు కరెంటు లేదు. ఆ తరువాత రేడియోలో వార్తలు మొదలయ్యాయి, పత్రికలు వచ్చాయి. నాన్న పత్రిక పైకి చదివేవాడు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, నాగాయలంక, కోడూరు. ఆ ఊళ్ళ పేర్లు మా ఇంట్లో అంతకుముందు ఎవరూ పలికినవి కావు. వారం తిరిగేసరికి మా చుట్టాల ఊళ్ళ పేర్లలా అందరికీ నోటికొచ్చాయి. అయిదారు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిందని నాన్న చదివినప్పుడు, "మీటర్లంటే నాకు తెలియదురా, ఎంతెత్తో చూపించు" అంది నాయనమ్మ. నాన్న లేచి వాకిట్లోకి వెళ్ళి, మా ఇంటి కప్పుకేసి చూసి, చెయ్యి ఇంకా పైకి చూపించాడు. ఆవిడ చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయింది.

దాదాపు పది వేలమంది పోయారని తరువాత లెక్కలు చెప్పాయి. అంతకంటే చాలా ఎక్కువేనని అక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట నేల చదునుగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. ఒడ్డున సముద్రం లోతు తక్కువ. అలాంటిచోట తుపాను గాలి నీటిని ఒడ్డుకు నెట్టుకుంటూ వస్తే ఆపే మిట్ట అంటూ ఉండదు. ఇదంతా నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఆ వయసులో నాకు అర్థమైంది మాత్రం ఒక్కటే: తాడిచెట్టు పట్టుకొని రాత్రంతా వేలాడినవాళ్ళు బతికారు, చేతులు జారినవాళ్ళు లేరు.

విరాళాలు పోగుచేసేవాళ్ళు వీధివీధీ తిరిగారు. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి దివిసీమ కోసం అడుగుతున్నారని పత్రికల్లో చదివి మా వీధి వీధంతా కదిలింది. మా ఊళ్ళో కళాశాల విద్యార్థులు నలుగురు ఒక దుప్పటిని నాలుగు కొసలూ పట్టుకొని నడుస్తుంటే, ఇళ్ళల్లోంచి అందులోకి బట్టలు వేసేవాళ్ళు. నాయనమ్మ అరుగు మీద కూర్చొని ఆ దుప్పటిలో పడేవన్నీ చూసింది. చినిగిన లోపలి బట్టలు, మోకాళ్ళ దగ్గర చిల్లులు పడిన పంట్లాములు, జిడ్డు పట్టిన దిండు గలీబులు. అన్నీ అలాంటివేనని చెప్పను, మంచివీ పడ్డాయి. కానీ ఆవిడ కళ్ళకు ఆనినవి అవే. ఆ పూట ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. లోపలికి వచ్చి పడుకొంది.

మా బాబాయి ఆ విద్యార్థులతోనే సహాయం లారీ ఎక్కి అవనిగడ్డ వైపు వెళ్ళాడు. అయిదో రోజున తిరిగి వచ్చాడు. అప్పటికి బాబాయికి ఇరవై రెండేళ్ళు, మా అందరినీ ఎత్తుకొని తిప్పే మనిషి. వచ్చినవాడు బావి దగ్గర గంటసేపు స్నానం చేస్తూనే ఉన్నాడు. మేము పిల్లలం అడిగినవాటికి జవాబు చెప్పలేదు. రాత్రి నాయనమ్మ పక్కన కూర్చొని చెప్పినవి నేను నిద్ర నటిస్తూ విన్నాను. అందులో చాలా భాగం ఇక్కడ రాయను. ఒక్క సంగతి మాత్రం రాయాలి, ఎందుకంటే బొంతలు దాని నుంచే పుట్టాయి.

"అక్కడ ఏ గుడ్డా ఆరడం లేదమ్మా" అన్నాడు బాబాయి. "పగలు ఎండలో వేస్తే ఆరినట్టే ఉంటుంది. పొద్దుగూకేసరికి మళ్ళీ చెమ్మ. సముద్రపు నీళ్ళల్లో మునిగిన బట్ట కదా, ఉప్పు పట్టేసింది. మంచినీళ్ళల్లో జాడిద్దామంటే బావులన్నీ ఉప్పుకయ్యలు. నేలా అలాగే ఉంది. ఆ తడి నేల మీదే పసిపిల్లలను పడుకోబెడుతున్నారు."

ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొంటుందని పాఠంలో చదువుకున్నాను. అది ఒక తల్లికి రాత్రిపూట ఏం చేస్తుందో ఆ మాటలతో తెలిసింది. నాయనమ్మ చాలాసేపటికి, "అయితే వాళ్ళకు కప్పుకొనేదాని కంటే ముందు కింద వేసుకొనేది కావాలి" అంది. తెల్లవారి ట్రంకు పెట్టె తెరిచింది.

బొంత గురించి తెలియని పిల్లలు ఇప్పుడు ఇళ్ళల్లో ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నాకు ఇష్టమైన సంగతి కూడాను, కాస్త ఓపిక పట్టండి.

బొంతకు కొత్త బట్ట పనికిరాదు. కొత్త నూలు బిరుసుగా ఉంటుంది, సూది తేలికగా దిగదు, ఒంటికి మెత్తగా తగలదు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర కావాలి. అలాగని చివికిపోయినదీ వద్దు. ఆ రెంటి మధ్యన ఉన్నది ఎంచుకోవడంలోనే సగం నేర్పు. నాయనమ్మ ప్రతి చీరనూ వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, నేత పలచబడిన చోట చూసుకొని, రెండు చేతులతో చటుక్కున లాగేది. చిర్రుమంటే పక్కన పెట్టేది. అలా పక్కన పెట్టినవాటిలోనూ అంచులు గట్టిగా ఉంటే చించి పట్టీలు తీసేది. గంజి పెట్టినవాటిని గంజి వదిలేదాకా జాడించాల్సిందే. గంజి వాసనకు ఎలుకలూ బొద్దింకలూ బట్టను కొరికేస్తాయి, గుడిసెల్లో వాటిని ఆపడం ఎవరి తరం?

ఆరు గజాల చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషి పడుకునేంత పొడవు వస్తుంది. తొమ్మిది గజాలదైతే నాలుగు మడతలు. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే ఒక బొంత మందం. తల్లీ ఇద్దరు పిల్లలూ పట్టాలంటే రెండు వెడల్పులు కలిపి కుట్టాలి. దూది పెట్టిన పరుపులు పంపవచ్చు కదా అని ఎవరో అన్నారు. దూది ఒకసారి తడిస్తే ఉండకట్టిపోతుంది, వానాకాలంలో వారమైనా ఆరదు. చీరల బొంత అలా కాదు. ఉతుక్కోవచ్చు, కర్ర మీద వేస్తే గాలికి ఆరుతుంది. అవసరమైతే కుట్లు విప్పి చీరగా కట్టుకోవచ్చు. ఆ చివరిది మా అమ్మ మాట. ఆ మాటకు అందరూ ఒక్క క్షణం మౌనంగా ఉండిపోయారు.

చీరలు పరిచాక నాలుగు మూలలా బరువులు పెట్టాలి. ముడతలు చేతులతో మధ్య నుంచి అంచులకు తోసుకుంటూ రావాలి. ముందు మధ్యలో జానెడు జానెడు దూరానికి పెద్ద కుట్లు వేసి పొరలన్నిటినీ పట్టి ఉంచాలి. అలా పట్టించకుండా అంచుల నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకు వచ్చి ఉబ్బిపోతుంది. ఆ పట్టు కుట్లు పడ్డాకే అంచు మడిచి కుట్టి, అక్కడి నుంచి వరస వెంట వరస లోపలికి చుట్టుకుంటూ రావాలి. నలుగురు నాలుగు వైపులా కూర్చొని కుట్టుకుంటూ మధ్యకు జరుగుతారు. చివరి వరసలకు వచ్చేసరికి నాలుగు తలలూ దాదాపు ఆనుకొంటాయి. ఆ దగ్గరతనంలో ఆడవాళ్ళు ఎన్నడూ పైకి చెప్పని మాటలు చెప్పుకోవడం నేను విన్నాను. పిల్లలకు దారం ఎక్కించే పని ఇచ్చారు. పెద్దవాళ్ళకు సూది బెజ్జం ఆనదు కదా. దారానికి మైనం రాసి, కొస నోట్లో తడిపి, వెలుతురుకేసి సూది పట్టుకొని, పది పన్నెండు సూదులు సిద్ధంగా ఒక గుడ్డకు గుచ్చి ఉంచడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని నేను గొప్ప గర్వంతో చేశాను.

మా వీధిలోంచి పదిమంది దాకా వచ్చేవారు. కుట్టు మిషను ఉన్న పిన్ని ఒకావిడ, "చేత్తో ఎందుకమ్మా కళ్ళు పోగొట్టుకోవడం, నేను పూటకు నాలుగు కుట్టి పడేస్తాను" అంటూ ఉత్సాహంగా ఒకటి పట్టుకుపోయింది. సాయంత్రానికి రెండు సూదులు విరిగి, ఆ బొంతను భుజాన వేసుకొని తిరిగి వచ్చింది. ఆరేడు పొరలు ఆ మిషను పాదం కింద పట్టలేదు. ఆ తరువాత ఆవిడ పట్టీలు జోడించి ఇచ్చే పని పెట్టుకొంది. చీర పలచబడిన చోట పైన వేసే అతుకులకు ఆవిడ మడతలు ఎంత చక్కగా పెట్టేదో చెప్పలేను.

చివరింటి అత్తయ్య సంగతి విడిగా చెప్పాలి. ఆవిడది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు దానికి దెబ్బలు తింది, కాపురానికి వచ్చాక మాటలు పడింది. అందుకేనేమో, నలుగురిలో పనికి కూర్చునేది కాదు. మా ఇంటికి వచ్చిన మొదటిరోజు గుమ్మం పక్కనే నిలబడి, "నేను చీరలు ఉతికి ఆరేసి ఇస్తాను వదినా" అంది అమ్మతో. నాయనమ్మ ఆవిడ వంక చూసి, "ఆ మూల ఖాళీగా ఉంది, గోడ నీ కుడివైపుకు వస్తుంది, ఎడమచెయ్యి ఆడడానికి చోటుంటుంది. కూర్చో" అంది. ఆవిడ కూర్చొంది. ఆ తరువాత రోజూ అందరికంటే ముందు వచ్చి ఆ మూలే పట్టుకొనేది.

తెల్ల చీరల దగ్గర ఒక పేచీ వచ్చింది. నాయనమ్మ కట్టేవన్నీ తెల్లవే. మెత్తగా, గట్టిగా ఉన్న మంచి చీరలు కూడా అవే. వాటిని పైపొరగా వేయబోతే ఆవిడే ఆపింది. "లోపలికి వెయ్యండి. పైన తెల్లబట్ట కనపడకూడదు. ఆ ఇళ్ళవాళ్ళు తెల్లబట్ట కప్పడం ఇప్పటికే చాలా చూసి ఉంటారు." కనుక ఆవిడ చీరలన్నీ లోపలి పొరల్లోకి పోయాయి. పైన ఎర్రవీ, ఆకుపచ్చవీ, పసుపువీ, పూల అద్దకంవీ వచ్చాయి. మా అమ్మ ఎంతో ఇష్టపడే నెమలికంఠం రంగు చీర ఒకటి ఉండేది. చిరగలేదు, వెలవలేదు. అమ్మ దాన్ని తెచ్చి పరిచినప్పుడు నాన్న ఏదో అనబోయి మానేశాడు.

ఇప్పుడు నా కుట్టు సంగతి.

దారం ఎక్కించడం విసుగొచ్చి, నన్నూ కుట్టనివ్వమని పోరు పెట్టాను. నాయనమ్మ తన పక్కన కూర్చోబెట్టుకొని ఒక వరస ఇచ్చింది. నేను తొందరగా పూర్తి చేసి మెప్పు పొందుదామని బారు బారు కుట్లు వేసుకుంటూ పోయాను. అరగంటలో మూర పైగా కుట్టాను. ఆవిడ వేలు ఆ వరస మీద నడిపి, చిన్న కత్తెర తీసుకొని, మొదటి నుంచి విప్పుకుంటూ రాసాగింది. నాకు ఏడుపొచ్చింది. "ఎవరికో పంపేదే కదా!" అన్నాను.

అన్నానని ఈ రోజుకీ బాధ. నాయనమ్మ కోప్పడలేదు. విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ, "నీ చిటికెన వేలు ఇలా పెట్టు" అంది. ఇంకా విప్పని ఒక పెద్ద కుట్టు కిందికి నా వేలు దూర్చింది. వేలు దూరి ఇరుక్కుంది. "నీ వేలే దూరితే, పసిపాప కాలివేలు దూరదా? నిద్రలో కాలు ఆడిస్తే దారం బిగుస్తుంది. చీకట్లో ఏడుస్తుంది. దీపం లేని చోట ఎందుకు ఏడుస్తోందో తల్లికి తెలియదు." ఆ మాటతో నా ఏడుపు ఆగిపోయింది. మళ్ళీ కుట్టాను. బియ్యపుగింజంత కుట్లు. సాయంత్రానికి జానెడు కూడా కాలేదు. ఆవిడ వేలు నడిపి చూసి, ఏమీ అనకుండా తన వరస కుట్టుకొంది. దానికి మించిన మెప్పు నాకు ఆ తరువాత చదువులోనూ ఉద్యోగంలోనూ దొరికిందని అనుకోను.

మన భాషలో 'గంతకు తగ్గ బొంత' అని తేలికచేసి మాట్లాడతారు. ఆ సామెత వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. బొంతను అంత చులకనగా అన్నది ఎవరైనా, దాన్ని కుట్టి మాత్రం ఉండరు.

తొమ్మిది రోజుల్లో ముప్పై ఒక్క బొంతలు తయారయ్యాయి. వాటి మూలల్లో మా వీధి పేరు కుడదామని ఎవరో అన్నారు. నాయనమ్మ వద్దంది. "కప్పుకున్నప్పుడల్లా వాళ్ళకు మన పేరు ఎందుకు గుర్తు చేయడం?" చాలా ఏళ్ళ తరువాత ఒకచోట చదివాను: రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడాలో ఆడవాళ్ళు బొంతలు కుట్టి, బాంబు దాడుల్లో ఇళ్ళు పోగొట్టుకున్న బ్రిటన్ కుటుంబాలకు రెడ్‌క్రాస్ ద్వారా పంపారట. వాటికి కెనడా రెడ్‌క్రాస్ కానుక అని చిన్న గుడ్డ చీటీ ఉండేదట, కుట్టినవాళ్ళ పేరు మాత్రం చాలావాటి మీద లేదట. అది చదివినప్పుడు సముద్రాలకు అవతల మా నాయనమ్మలాంటివాళ్ళు ఎందరు ఉన్నారో కదా అనిపించి, పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. కర్ణాటకలో కౌదులు, మహారాష్ట్రలో గోధడులు, బెంగాల్లో కాంతాలు. పాత బట్టను పొరలుగా వేసి చిన్న కుట్లతో కలపడం ఎవరు ఎవరికి నేర్పారో తెలియదు కానీ, చేతులన్నీ ఒక్కలాగే కదులుతాయి.

బాబాయి రెండోసారి లారీ ఎక్కాడు. ఈసారి పన్నెండు రోజులు రాలేదు.

వచ్చాక చెప్పినది మా అందరికీ వినేలా చెప్పాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు లారీల మీద నుంచి బట్టల మూటలు కిందికి విసరడం చూశాడట. మొన్నమొన్నటిదాకా సొంత పొలాలు, పాడి ఉన్నవాళ్ళు ఆ మూటల దగ్గరికి రాలేక దూరంగా నిలబడ్డారట. అందుకని ఈసారి బొంతలను లారీ దగ్గర పంచలేదు. సాయంత్రం పూట ఒక్కొక్క పాక దగ్గరికీ మోసుకుపోయి, ముందు బాలింతలకూ, తరువాత పసిపిల్లలున్నవాళ్ళకూ, ముసలివాళ్ళకూ ఇచ్చారు.

ఒక పాకలో నడివయసు ఆవిడ బొంత అందుకొని వెంటనే పరుచుకోలేదట. గుమ్మంలో వెలుతురు ఉన్నంతసేపూ ఒడిలో పెట్టుకొని, అంచు వెంట వేలు నడుపుతూ చుట్టూ తిప్పి చూసిందట. తరువాత బాబాయిని అడిగింది: "నలుగురు కుట్టారా తమ్ముడూ దీన్ని?"

బాబాయికి ఏం తెలుసు? "అవునమ్మా, చాలామంది కుట్టారు" అన్నాడు.

"కాదు, ఈ బొంతకు నలుగురే. ఇదిగో, ఈవిడ కుట్టు దగ్గర దగ్గరగా ఉంది, వయసులో పెద్దది అయ్యుంటుంది, తొందర లేదు. ఈవిడ దారం గట్టిగా లాగుతుంది. ఈ మూల చూడు, అంచు కుట్టు వాలు మిగతా మూడు వైపులకూ ఎదురుగా ఉంది. ఈవిడది ఎడమచేతి వాటం."

ఆవిడ కూడా బొంతలు కుట్టేదట. పెళ్ళికి ముందు నుంచీ కుట్టినవి ఇంట్లో పదకొండు ఉండేవని చెప్పిందట. అవీ, ఆ ఇల్లూ, ఇంకా చాలా పోయాయి. ఎవరెవరు పోయారో బాబాయి అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఈ మాట విన్నప్పుడు చివరింటి అత్తయ్య మా గుమ్మం పక్కనే నిలబడి ఉంది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కొంగుతో ముఖం కప్పుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎడమచెయ్యి గురించి ఒకరు తప్పుగా కాకుండా మాట్లాడడం ఆవిడ జీవితంలో అదే మొదలేమో. పైగా ఆ మాట అన్నది చూడని మనిషి, అన్నీ పోగొట్టుకున్న మనిషి.

బాబాయి చెప్పడం ఇంకా పూర్తి కాలేదు. వచ్చేముందు ఏమైనా కావాలా అని అడిగితే, ఆవిడ కొంచెం సంకోచించి, "ఈసారి సూదులూ దారమూ పంపగలరా? చీరలు కుట్టనక్కరలేదు, విడిగా పంపండి. మేమే కుట్టుకొంటాం. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అందట.

నాయనమ్మ ఈ మాట విని లేచి నిలబడింది. అప్పటిదాకా కుడుతున్న బొంతలన్నిటినీ ఆపించింది. మర్నాటి నుంచి వీధిలోని ఆడవాళ్ళంతా చీరలు ఉతికి, సరిచూసి, మడతలు పెట్టారు. ఒక్కొక్క మూటలో నాలుగు చీరలు, దారపు ఉండలు రెండు, చిన్న మైనపు ముక్క, గుడ్డకు గుచ్చిన సూదులు అయిదు. కత్తెరలు అన్ని దొరకలేదు, మూడు మూటలకు ఒకటి చొప్పున పెట్టాం. నేను సూదులు గుచ్చుతుంటే నాయనమ్మ, "ఒకదానికి దారం ఎక్కించి పెట్టు. వాళ్ళల్లోనూ చూపు ఆననివాళ్ళు ఉంటారు" అంది. ప్రతి మూటలోనూ ఒక సూదికి దారం ఎక్కించాను.

సహాయం గురించి నాకున్న అభిప్రాయమంతా ఆ రెండు లారీల మధ్య ఏర్పడింది. మొదటి లారీలో మేము పంపినది బొంత. రెండో లారీలో పంపినది పని. ఆ రెండోది వాళ్ళు అడిగి తీసుకున్నది, ఆ అడగడంలో ఆవిడ తల ఎత్తుకొని ఉందని బాబాయి పదేపదే చెప్పేవాడు.

అలా ఆపించిన బొంతల్లో దాదాపు అన్నిటినీ విప్పి చీరలుగానే పంపాం. ఒక్కటి మాత్రం సగానికి పైగా కుట్టేసి ఉంది. విప్పితే చీరలు చెడిపోతాయని అలాగే ఉంచారు. పూర్తి చేద్దామనుకుంటూనే రోజులు గడిచాయి. సూది దిగేసి ఉన్నది ఉన్నట్టే అమ్మ దాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టింది. 1984లో నాయనమ్మ పోయింది. నా చదువు, పెళ్ళి, పిల్లలు. 1990 మేలో కృష్ణ డెల్టా మీదికే మళ్ళీ పెద్ద తుపాను వచ్చింది. అప్పటికి ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు వచ్చాయి, లక్షలమందిని ముందే తరలించారు, ప్రాణనష్టం 1977లో జరిగినదానిలో పదో వంతుకు దగ్గరలో ఆగింది. అప్పుడు నాకు నెలల బిడ్డ, నేను దూరాన ఉన్నాను. ఆ బొంత సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను తూర్పు గోదావరి మీద పడింది. ఆ వారం నేను పుట్టింట్లోనే ఉన్నాను. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకు వెళ్ళిన మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదని పత్రికల్లో వచ్చింది. కోనసీమలో కొబ్బరితోటలు వరుసలు వరుసలుగా నేలకు ఒరిగిన ఫొటోలు వేశారు. బాబాయి, అప్పటికి జుట్టు సగం నెరిసినవాడు, పత్రిక మడిచి లేచి, "లారీ ఎవరిదైనా వెళ్తోందేమో కనుక్కుంటాను" అంటూ బయటికి వెళ్ళాడు. అమ్మ మాట్లాడకుండా ట్రంకు పెట్టె తెరిచింది.

పంతొమ్మిదేళ్ళు. బొంత పైపొర మీద ఆ నెమలికంఠం రంగు అలాగే ఉంది. దిగేసి ఉన్న సూది తుప్పు పట్టి గుడ్డకు అంటుకుపోయింది. లాగితే విరిగింది. దాని చుట్టూ గోధుమరంగు మచ్చ. నాయనమ్మ కుట్టిన వరసలు ఒకవైపు, అమ్మవి ఒకవైపు, పక్కింటావిడవి ఒకవైపు, సగంలో ఆగిపోయిన నాలుగో మూల. ఆ మూల అంచు కుట్టు ఎదురు వాలుగా ఉంది.

నేను చివరింటికి వెళ్ళాను. అత్తయ్యకు అప్పటికి డెబ్బై దాటాయి. రెండు కళ్ళల్లోనూ పొర వచ్చింది. బొంత అనగానే ఏ బొంతో అడగలేదు. గోడ పట్టుకుంటూ నా వెంట వచ్చి, అదే నడవలో, అదే మూలలో, గోడ కుడివైపుకు వచ్చేలా కూర్చొంది. నేను సూదిలో దారం ఎక్కించి ఆవిడ ఎడమచేతిలో పెట్టాను. కళ్ళతో పని లేకుండా వేలి కొసలతో పాత వరస ఎక్కడ ఆగిందో వెతుక్కొని, అక్కడి నుంచి అందుకొంది. కుట్టు కొంచెం వంకర పోయింది, కానీ ఎక్కడా బారు కాలేదు. మేము తక్కిన మూడువైపులా కూర్చున్నాం. నాయనమ్మ వైపు నేను. ఆవిడ వరస ముగిసిన చోట నా వరస మొదలవుతుంటే, కుట్టు సైజు కలవాలని ఒక్కొక్కదానికీ ఊపిరి బిగబట్టాను. తుప్పు మచ్చ మీద అమ్మ ఎర్ర గుడ్డముక్క అతుకు వేసింది.

రెండు రోజుల్లో అయిపోయింది. ఉతికి ఆరేసి మడిచాం. బాబాయి వచ్చి తీసుకోబోతుంటే అత్తయ్య ఆగమంది. తన చీర కొంగు కొసన ఒక ముక్క చించి, నాకిచ్చి, "సూది ఒకటి దీనికి గుచ్చమ్మా. కనపడేలా పైన కట్టు, ఎవరికీ గుచ్చుకోకూడదు" అంది.

గుచ్చాను. ఆవిడ చేతితో తడిమి చూసుకొని, "దారం ఎక్కించావా?" అని అడిగింది.